పట్టా లేని డాక్టరు, తలపాగా చుట్టిన ఆర్గాన్ విద్వాంసుడు: లోనీ స్మిత్ సంగీత ప్రస్థానం

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రపు పశ్చిమ కొసన, ఈరీ సరస్సు ఒడ్డున బఫెలో నగరం ఉంది. చలికాలంలో అక్కడ కురిసే మంచు దేశమంతటా ప్రసిద్ధం. 1960ల ఆరంభంలో ఆ నగరంలోని ఒక వాద్యాల దుకాణానికి ఓ నల్లజాతి యువకుడు రోజూ వచ్చేవాడు. ఏమీ కొనేవాడు కాదు. దుకాణం మూసే వేళ వరకు వాద్యాలను చూస్తూ కూర్చునేవాడు. యజమాని ఆర్ట్ కుబెరా కొన్నాళ్లు చూసి, రోజూ ఇలా ఎందుకు వచ్చి కూర్చుంటున్నావని అడిగాడు. చేతికి ఒక వాద్యం అంటూ దొరికితే దానితో బతుకుతెరువు వెతుక్కుంటానని యువకుడు బదులిచ్చాడు. మరి కొన్నాళ్లకు కుబెరా అతడిని దుకాణం వెనుక వైపునకు తీసుకువెళ్లి, అక్కడున్న ఒక హామండ్ ఆర్గాన్‌ను చూపించాడు. దీన్ని ఇక్కడి నుంచి తరలించుకోగలిగితే నీదేనన్నాడు. పైసా అడగలేదు.

వినడానికి చిన్న షరతే. కానీ పీఠంతో, పాదమెట్లతో కలిపి చూస్తే ఆ తరహా ఆర్గాన్ బరువు 190 కిలోలకు పైమాటే. యువకుడు ఒక ట్రక్కు సంపాదించి, మంచులోనే దాన్ని ఇంటికి చేర్చుకున్నాడు. తర్వాతి అర్ధ శతాబ్దంలో ఇచ్చిన ఎన్నో ఇంటర్వ్యూలలో ఆయన కుబెరాను దేవదూతగానే చెప్పుకున్నారు.

ఆ యువకుడే లోనీ స్మిత్. కాలక్రమంలో పేరుకు ముందు 'డాక్టర్' వచ్చి చేరింది, తల మీదికి తలపాగా వచ్చింది. 'సోల్ జాజ్' అనే సంగీత శాఖలో ఆర్గాన్ వాద్యానికి ప్రతినిధిగా నిలిచిన కొద్దిమందిలో ఒకరైన ఆయన, 2021 సెప్టెంబరు 28న తమ 79వ ఏట ఫ్లోరిడా రాష్ట్రంలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో కన్నుమూశారు. స్వరలిపి చదవడం నేర్వని ఈ విద్వాంసుడు రెండుసార్లు శిఖరానికి చేరారు. ఆ రెండింటి నడుమ ప్రపంచం ఆయనను దాదాపు మరచిపోయింది. ఆ మరపునకు కారణం ఆయన ప్రతిభ సన్నగిల్లడం కాదు. ఆయన వాయించిన వాద్యానికే కాలం చెల్లిందని లోకం అనుకోవడం.

గడియారాల తయారీదారు చేసిన ఆర్గాన్

లోనీ స్మిత్ సంగీతం అర్థం కావాలంటే ముందు ఆయన వాద్యాన్ని పరిచయం చేసుకోవాలి. మన శ్రోతలకు మెట్లున్న వాద్యం అనగానే హార్మోనియం గుర్తుకు వస్తుంది. హార్మోనియంలో తిత్తులు ఊదిన గాలి లోహపు రీడ్లను కదిలించి నాదం పుట్టిస్తుంది. పాశ్చాత్య చర్చిలలోని పెద్ద ఆర్గాన్‌లో గాలి గొట్టాల గుండా పోతుంది. హామండ్ ఆర్గాన్‌లో గాలికి చోటే లేదు. దాన్ని రూపొందించిన లారెన్స్ హామండ్ షికాగో నగరంలో విద్యుత్ గడియారాలు తయారు చేసిన ఇంజనీరు. గడియారపు ముల్లును నిలకడగా తిప్పే మోటారే ఆయన ఆర్గాన్‌కు ప్రాణం. ఆ మోటారు అంచున పళ్లున్న లోహపు చక్రాలను తిప్పుతుంది. అయస్కాంతం ముందు చక్రం తిరిగినప్పుడు తీగచుట్టలో విద్యుత్ తరంగం పుడుతుంది. చక్రానికి ఎన్ని పళ్లుంటే, ఎంత వేగంగా తిరిగితే, అంత హెచ్చు స్థాయి స్వరం. పెద్ద నమూనాలలో ఇటువంటి చక్రాలు 91 ఉంటాయి. 1935లో ఈ ఆర్గాన్ విపణిలోకి వచ్చింది. అన్నిటికన్నా పేరు పొందిన బి-3 నమూనా 1950ల మధ్యలో వెలువడింది.

వాద్యం ముందు కూర్చున్నవారికి ఒకదాని పైన ఒకటిగా రెండు మెట్ల వరుసలు, ఒక్కో వరుసకు 61 మెట్లు ఉంటాయి. కాళ్ల కింద 25 పాదమెట్లు. మెట్ల వరుసలకు పైన ముందుకు లాగే కడ్డీలుంటాయి, తొమ్మిదేసి చొప్పున. హామండ్ ధ్వని రహస్యమంతా ఈ కడ్డీలలో ఉంది. తంబురా మీటేటప్పుడు తీగలకు శ్రుతి చేసింది పంచమ షడ్జాలకే అయినా, చెవి ఒగ్గి వింటే గాంధారం కూడా పలుకుతుందని మన విద్వాంసులకు తెలుసు. ప్రతి నాదంలోనూ మూల స్వరంతో పాటు అటువంటి ఉపస్వరాలు కలిసి ఉంటాయి. వాటి పాళ్లను బట్టే వీణకు వీణ ధ్వని, వేణువుకు వేణువు ధ్వని ఏర్పడుతుంది. హామండ్ ఆర్గాన్‌లో ఈ పాళ్లు వాయించేవారి చేతిలోనే ఉంటాయి. ఏ కడ్డీని ఎంత లాగితే ఆ ఉపస్వరం అంత కలుస్తుంది. పాట నడుస్తుండగానే వేణువులాంటి మెత్తని ధ్వనిని చర్చి గర్జనగా మార్చివేయవచ్చు.

దీనికి తోడు డొనాల్డ్ లెస్లీ రూపొందించిన ఒక స్పీకరు పెట్టె. అందులో ధ్వని వెలువడే కొమ్ము గిరగిర తిరుగుతూ ఉంటుంది. దగ్గరకు వచ్చి దాటిపోయే రైలు కూతలో స్థాయి మారినట్టుగా, తిరిగే కొమ్ము నుంచి వచ్చే స్వరం కూడా అలలా కదులుతుంది. మెట్ల వాద్యంలో గమకం పలకదన్నది పాత ఆక్షేపణ. ఆ కారణంతోనే మన దేశంలో 1940లో రేడియో హార్మోనియాన్ని వెలివేసింది, మూడు దశాబ్దాల తర్వాత 1971లో గానీ నిషేధం సడలలేదు. ఆ కాలంలోనే పద్య నాటకం హార్మోనియం లేనిదే తెర లేవదని పట్టుబట్టడం వేరే కథ. లెస్లీ పెట్టె పలికించేది గమకం కాదు. కానీ బిగుసుకుపోయిన స్వరానికి అది ఊపిరి పోసింది.

ముగ్గురి జీతానికి నలుగురి పని

గొట్టాల ఆర్గాన్ కొనే స్తోమత లేని చర్చిల కోసమే హామండ్ తన వాద్యాన్ని ప్రధానంగా ప్రచారం చేశారు. ఆఫ్రికన్ అమెరికన్ చర్చిలు దాన్ని ఎంతగానో ఆదరించాయి. ప్రసంగం చేసే పాస్టరు స్వరం పెంచినప్పుడు ఆర్గాన్ కూడా పెరుగుతుంది, ఆయన ఆగినచోట ఒక చిన్న పలుకుతో బదులిస్తుంది. ఆ సంవాదమే తర్వాత క్లబ్బులకు వచ్చింది. ఫ్యాట్స్ వాలర్, వైల్డ్ బిల్ డేవిస్ వంటివారు ముందే జాజ్‌లో ఆర్గాన్ వాయించినా, 1956లో జిమ్మీ స్మిత్ బ్లూ నోట్ సంస్థకు చేసిన తొలి రికార్డులు విన్నాక ఆ వాద్యం స్థితే మారిపోయింది. పియానో వాయించినంత వేగంగా, సాక్సఫోన్ పలికినంత పదునుగా ఆర్గాన్ వాయించవచ్చని అందరికీ తెలిసింది.

ఇక్కడ ఆర్థిక కారణమూ ఒకటి ఉంది. ఆర్గాన్ విద్వాంసుడు ఎడమ చేత్తో, ఎడమ పాదంతో బేస్ నడిపిస్తాడు. కనుక బేస్ వాయించే కళాకారుడు అక్కరలేదు. ఆర్గాన్, గిటార్, డ్రమ్స్ ఉంటే చాలు. ముగ్గురి జీతంతో నలుగురి బృందం క్లబ్బు యజమానికి దొరికేది. నగరాల్లోని నల్లజాతి పేటలలో మద్యశాలలు ఈ లెక్కను వెంటనే గ్రహించాయి. చర్చి పాటల భావోద్వేగం, బ్లూస్ నడక, జాజ్ మనోధర్మం కలిసిన ఈ సంగీతానికే సోల్ జాజ్ అని పేరు. విమర్శకులలో కొందరు దీన్ని తేలికపాటి సంగీతమని చిన్నచూపు చూశారు. పని దిగి వచ్చి ఓ గంట సేద తీరాలనుకునే కార్మికుడు ఏం వినాలనుకుంటాడో ఆ విమర్శకులకు పట్టలేదు.

అదే సమయంలో ఆ వాద్యకారుడు చేసే పని తక్కువదేమీ కాదు. కుడి చేత్తో రాగాలాపన, ఎడమ చేత్తో బేస్, ఎడమ పాదంతో ఆ బేస్‌కు ఊనిక, కుడి పాదంతో ధ్వని హెచ్చుతగ్గులు, మధ్యమధ్య కడ్డీల సర్దుబాటు, ఒక చెవి గిటారు మీద, మరో చెవి డ్రమ్స్ మీద. అవధానాలు చూసినవారికి ఈ ఏకాగ్రత ఎటువంటిదో విడమరచి చెప్పనక్కరలేదు.

ఉక్కు కర్మాగారం ఊరి నుంచి

లోనీ స్మిత్ 1942 జులై 3న బఫెలో పక్కనున్న లాకవానాలో పుట్టారు. ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరది. ఇంట్లో తల్లి చర్చి పాటలు, జాజ్, శాస్త్రీయ సంగీతం వినిపించేది. బడిలో ఇత్తడి వాద్యాలు ఊదారు. కుర్రతనంలో మిత్రులతో కలిసి 'సుప్రీమ్స్' పేరుతో ఒక గాన బృందం నడిపారు. తర్వాత అదే పేరుతో జగత్ప్రసిద్ధి పొందిన డెట్రాయిట్ యువతుల బృందానికీ దీనికీ సంబంధం లేదు. పేర్ల విషయంలో ఈ తికమక ఆయనను జీవితాంతం వదలలేదు. ఆర్గాన్ దిగ్గజం జిమ్మీ స్మిత్‌తో బంధుత్వం లేదు. లోనీ లిస్టన్ స్మిత్ అనే మరో జాజ్ కీబోర్డు విద్వాంసుడు ఇంచుమించు ఆ రోజుల్లోనే పేరు పొందడంతో రికార్డుల దుకాణాలలో ఒకరి డిస్కులు మరొకరి అరలోకి చేరుతూ ఉండేవి.

ఆర్గాన్ ఇంటికి చేరాక ఆయనకు గురువు అంటూ ఎవరూ లేరు. విని నేర్చుకున్నారు. బఫెలోలోని పైన్ గ్రిల్ అనే క్లబ్బులో వాయిస్తున్నప్పుడు పెద్ద ఆర్గాన్ విద్వాంసుడు జాక్ మెక్‌డఫ్, సాక్సఫోన్ కళాకారుడు లూ డొనాల్డ్‌సన్ వంటివారి దృష్టిలో పడ్డారు. మెక్‌డఫ్ బృందంలో గిటార్ వాయించిన జార్జ్ బెన్సన్ సొంత బృందం కట్టాలనుకున్నప్పుడు లోనీని ఆర్గాన్‌కు పిలిచారు. బెన్సన్ తర్వాత గాయకుడిగా కోట్లాది శ్రోతలకు చేరువయ్యారు గానీ అప్పటికి ఇరవై మూడేళ్ల గిటారిస్టు. బిల్లీ హాలిడే వంటివారిని వెలుగులోకి తెచ్చిన జాన్ హామండ్ ఆ బృందాన్ని కొలంబియా సంస్థకు తీసుకున్నారు. 1966లో 'ఇట్స్ అప్‌టౌన్', మరుసటి ఏడాది 'ది జార్జ్ బెన్సన్ కుక్‌బుక్' వచ్చాయి. 1967లోనే లోనీ సొంత పేరుతో 'ఫింగర్ లికిన్ గుడ్' వెలువడింది. అందులో నైపుణ్యం ఉంది, ఇంకా సొంత గొంతు లేదు.

ఆ గొంతు వేరేవారి రికార్డులో బయటపడింది. 1967 ఏప్రిల్‌లో లూ డొనాల్డ్‌సన్ బ్లూ నోట్ కోసం 'అలిగేటర్ బూగలూ' రికార్డు చేశారు. న్యూజెర్సీలో రూడీ వాన్ గెల్డర్ స్టూడియో అందుకు వేదిక. ఆ ఇంజనీరు అంతకు కొన్నేళ్ల ముందు వరకు పగలు కళ్లద్దాల పరీక్షలు చేస్తూ, రాత్రులు జాజ్ రికార్డు చేసినవారు. ఆర్గాన్ స్టూడియోలోనే ఉండేది, మోయనక్కరలేదు. బెన్సన్ గిటారు, తర్వాత ఇద్రిస్ ముహమ్మద్‌గా పేరు మార్చుకున్న లియో మారిస్ డ్రమ్స్, లోనీ ఆర్గాన్. శీర్షిక గీతం బాణీ పిల్లలు కూడా కూనిరాగం తీయగలిగినంత తేలిక. కింద లోనీ బేస్ మాత్రం తొందర పడకుండా, తాళానికి వెంట్రుకవాసి వెనుకగా కూర్చుని నడుస్తుంది. ఆ వెనుకబాటే పాటకు ఊపు. అమెరికా బార్లలోని జ్యూక్ బాక్సులలో ఆ పాట మోగిపోయింది. బ్లూ నోట్ సంస్థ లోనీకి నేరుగా ఒప్పందం ఇచ్చింది.

1968 నుంచి 1970 వరకు మూడేళ్లు ఆయన తొలి శిఖరం. 'థింక్', 'టర్నింగ్ పాయింట్', 'మూవ్ యువర్ హ్యాండ్', 'డ్రైవ్స్' వరుసగా వచ్చాయి. మొదటి రెండింటిలో ట్రంపెట్ విద్వాంసుడు లీ మోర్గన్ ఉన్నారు. 1969లో 'డౌన్ బీట్' పత్రిక ఆయనను అగ్రశ్రేణి ఆర్గానిస్టుగా గుర్తించింది. కొత్తగా వినేవారు వీటిలో ఒక్కటే ఎంచుకోవలసివస్తే, 'మూవ్ యువర్ హ్యాండ్' ఎంచుకోవడం మేలు. 1969 ఆగస్టులో అట్లాంటిక్ సిటీలోని క్లబ్ హార్లెమ్‌లో శ్రోతల ఎదుట రికార్డు చేసిన ఆల్బమిది. శీర్షిక గీతంలో లోనీ స్వయంగా పాడతారు కూడా. గొంతు గొప్పదేమీ కాదు. కానీ ఒక్క చిన్న పల్లవిని పట్టుకుని, తొందరేమీ లేకుండా నిమిషాల తరబడి నిదానంగా మరిగిస్తారు. ఎక్కడా ఉరుకు ఉండదు. గదిలో వేడి పెరుగుతున్నట్టు శ్రోతకు తెలుస్తుంది, ఎక్కడ పెరిగిందో చెప్పలేడు.

ఇతర ఆర్గాన్ విద్వాంసులకూ ఆయనకూ ఉన్న తేడా ఇదే. జిమ్మీ స్మిత్ మొదటి చరణంలోనే మంట పెడతారు. లోనీ స్మిత్ మౌనాన్ని కూడా వాయించేవారు. ఒక్క స్వరాన్ని పట్టి ఉంచి, కుడి పాదంతో దాని ధ్వనిని గుసగుస దాకా తగ్గించి, శ్రోతలు ముందుకు వంగి వినే క్షణాన ఒక్కసారిగా కడ్డీలన్నీ లాగి పిడుగు కురిపించేవారు. ఇది చర్చి నుంచి వచ్చిన విద్యే.

తలపాగా సంగతి

1970ల మధ్య నుంచి లోనీ స్మిత్ తలపాగాతో కనిపించసాగారు. పేరుకు ముందు 'డాక్టర్' చేరింది కూడా దాదాపు అప్పుడే. ఏ విశ్వవిద్యాలయమూ ఆ బిరుదు ఇవ్వలేదు, ఆయన ఇచ్చిందని చెప్పుకోనూ లేదు. సిక్కుల తలపాగాను పోలిన ఆ పాగా గురించి అడిగినవారికి చిరునవ్వే సమాధానం. తెల్లటి గడ్డం పెరిగాక ఆ రూపం ఎవరో పీఠాధిపతిని తలపించేది. మతపరమైన అర్థమేదీ దానికి ఉన్నట్టు ఆయన ఎన్నడూ చెప్పలేదు.

భారతీయ పాఠకులకు ఇక్కడ మరో ఆర్గాన్ విద్వాంసుడి కథ చెప్పడం సమంజసం. 1949లో లాస్ ఏంజలెస్ టెలివిజన్‌లో కోర్లా పండిట్ అనే వ్యక్తి రత్నం పొదిగిన తలపాగాతో, కెమెరా వైపు కన్నార్పక చూస్తూ, ఒక్క మాటా మాట్లాడకుండా హామండ్ ఆర్గాన్ వాయించేవారు. తాను న్యూఢిల్లీలో జన్మించినట్టు ప్రచారం చేసుకున్నారు. ఆయన 1998లో మరణించారు. 2001లో ఒక పత్రికా కథనం అసలు సంగతి బయటపెట్టింది. ఆయన పేరు జాన్ రోలండ్ రెడ్, మిసోరీ రాష్ట్రానికి చెందిన ఒక ఆఫ్రికన్ అమెరికన్ బాప్టిస్టు పాస్టరు కుమారుడు. నల్లజాతీయుడిగా దొరకని అవకాశం భారతీయుడి వేషంలో దొరికింది. జీవితాంతం ఆ వేషం విప్పలేకపోయారు. ఆయన తలపాగాకూ లోనీ తలపాగాకూ సంబంధం ఉందనడానికి ఆధారం లేదు. తేడా మాత్రం స్పష్టం. కోర్లా పండిట్ తలపాగా ఒక మనిషిని దాచిపెట్టింది. పావు శతాబ్దం తర్వాత లాకవానా కుర్రవాడు అదే తలపాగాను ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా, తన పేరుతో, తన ఊరి పేరుతో ధరించగలిగారు.

మూగబోయిన చక్రాలు

1970ల నడుమ హామండ్ కంపెనీ చక్రాల ఆర్గాన్ల తయారీ నిలిపివేసింది. ట్రాన్సిస్టర్లతో పనిచేసే సింథసైజర్లు వచ్చాయి. ఒక మనిషి చంకన పెట్టుకుని పోగల కీబోర్డు ఉండగా, నలుగురు పట్టినా మెట్లెక్కని బీరువాలాంటి వాద్యం ఎవరికి కావాలి? నల్లజాతి పేటల క్లబ్బులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. యువ శ్రోతలు ఫంక్ వైపు, డిస్కో వైపు మళ్లారు. లోనీ కూడా 'ఆఫ్రొడీసియా', 'ఫంక్ రియాక్షన్' వంటి ఆల్బములతో కాలంతో నడవాలని చూశారు. నిష్పక్షపాతంగా చెప్పాలంటే వాటిలో హెచ్చుతగ్గులున్నాయి. కొన్నిచోట్ల ఆయన ధ్వని వాద్యబృందాల రద్దీలో మునిగిపోయింది. ఇరవై రెండేళ్ల సాక్సఫోన్ యువకుడు జో లొవానో తొలిసారి రికార్డులో వాయించింది మాత్రం 'ఆఫ్రొడీసియా'లోనే. ఆ తర్వాత లోనీ పేరు కొత్త డిస్కుల మీద కనిపించడం అరుదైంది. 1980ల దశాబ్దం దాదాపు మౌనంగా గడిచింది.

ఆ మౌనాన్ని భంగపరచింది జాజ్ లోకం కాదు, ర్యాప్ కుర్రాళ్లు. పాత డిస్కుల నుంచి కొన్ని క్షణాల ధ్వనిని కత్తిరించి, తిప్పి తిప్పి వాడి, దాని మీద మాటలు అల్లడం హిప్ హాప్ పద్ధతి. 1970 నాటి సోల్ జాజ్ డిస్కులు పాత సామాను దుకాణాలలో కారుచౌకగా దొరికేవి. వాటిలోని డ్రమ్స్, బేస్ ఆ పనికి అతికినట్టు సరిపోయాయి. న్యూయార్క్ బృందం 'ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్' 1990 నాటి తొలి ఆల్బంలో 'కెన్ ఐ కిక్ ఇట్' పాట కోసం, 'డ్రైవ్స్' ఆల్బంలో లోనీ బృందం వాయించిన 'స్పిన్నింగ్ వీల్' నుంచి లయను తీసుకుంది. ఆ ముక్క ఎవరిదని వెతికిన యువకులు మూల డిస్కు దాకా వెళ్లారు. 1970 మేలో డెట్రాయిట్‌లోని క్లబ్ మొజాంబిక్‌లో రికార్డు చేసి, పాతికేళ్లు అరలో పడేసిన లోనీ ప్రత్యక్ష కచేరీని బ్లూ నోట్ 1995లో విడుదల చేయడం ఈ గాలివాటంలో జరిగినదే.

ఈలోగా ఆయన గిటారిస్టు జాన్ అబర్‌క్రాంబీ, డ్రమ్మర్ మార్విన్ స్మిత్‌లతో కలిసి జాన్ కోల్ట్రేన్‌కు నివాళిగా ఒక ఆల్బం, రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌కు నివాళిగా రెండు ఆల్బములు చేశారు. హెండ్రిక్స్ గిటారు అరుపులను లెస్లీ పెట్టెలోంచి పలికించడం ఆయనకే చెల్లింది. అంతదాకా ఆయనను నృత్య సంగీతకారుడిగానే లెక్కవేసిన విమర్శకులు ఈ రికార్డుల తర్వాత కాస్త సర్దుకుని కూర్చున్నారు. తయారీ ఆగిపోయిన పాత బి-3లకు కూడా మళ్లీ గిరాకీ వచ్చింది. హామండ్ పేరును కొన్న జపాన్ సంస్థ సుజుకి, 2002లో అదే రూపంతో కొత్త బి-3ని తెచ్చింది. లోపల చక్రాలు లేవు, వాటి ధ్వనిని అనుకరించే ఎలక్ట్రానిక్ వలయాలే. చెవి పదునున్నవారు తేడా తెలుస్తుందంటారు.

రెండో శిఖరం

అరవై దాటాక లోనీ స్మిత్ మునుపెన్నడూ లేనంత చురుకుగా ఉన్నారు. 2004 నుంచి పాల్మెట్టో సంస్థకు ఆల్బములు చేశారు. 2012లో 'పిల్‌గ్రిమేజ్' పేరిట సొంత సంస్థ స్థాపించి 'ది హీలర్' వెలువరించారు. గిటార్ మీద జొనాథన్ క్రైస్‌బర్గ్, డ్రమ్స్ మీద జొనాథన్ బ్లేక్‌తో కట్టిన ముగ్గురి బృందం ఆయన చివరి దశకు గుర్తు. వయసులో తనకంటే ఎంతో చిన్నవారైన వారిద్దరికీ ఆయన విడిచిపెట్టే ఖాళీ జాగా వింటే, ఆయన సంగీత సంస్కారం ఏమిటో బోధపడుతుంది. అప్పుడప్పుడు ఆర్గాన్ ముందు నుంచి లేచి, ఊతకర్రలా కనిపించే ఒక ఎలక్ట్రిక్ లయవాద్యాన్ని చేతపట్టి వేదిక అంచున నిలబడి మోగించేవారు. శ్రోతలు పసిపిల్లల్లా కేరింతలు కొట్టేవారు.

2016లో, 45 ఏళ్లకు పైబడిన ఎడబాటు తర్వాత, ఆయన బ్లూ నోట్ సంస్థకు తిరిగి వచ్చారు. 'ఎవల్యూషన్' అనే ఆ ఆల్బంలో అతిథిగా వచ్చిన సాక్సఫోన్ విద్వాంసుడు మరెవరో కాదు, 1970లలో ఆయన దగ్గర తొలిసారి రికార్డులో వాయించిన జో లొవానో. అప్పటి 'ఆఫ్రొడీసియా' గీతాన్నే ఇద్దరూ మళ్లీ వాయించారు. పాత రూపంలో అణగిపోయిన ఆర్గాన్ ఈసారి విస్పష్టంగా వినిపిస్తుంది. మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వ కళా సంస్థ జాజ్ కళాకారులకు ఇచ్చే అత్యున్నత గౌరవం, 'జాజ్ మాస్టర్' పురస్కారం ఆయనను వరించింది. స్వరలిపి రాని మనిషికి, బడిలో జాజ్ చదవని మనిషికి దక్కిన ఆ గుర్తింపును ఆయన వినయంగానే స్వీకరించారు.

2017లో 75వ పుట్టినరోజు సందర్భంగా న్యూయార్క్‌లోని 'జాజ్ స్టాండర్డ్' క్లబ్బులో ఆయన వరుస కచేరీలు చేశారు. ఆ రాత్రుల రికార్డింగు నుంచి 2018లో 'ఆల్ ఇన్ మై మైండ్', 2021 మార్చిలో 'బ్రీత్' ఆల్బములు వచ్చాయి. 'బ్రీత్' మొదట, చివర మాత్రం స్టూడియోలో చేసిన రెండు పాటలు చేర్చారు. రెండింటికీ గాయకుడు రాక్ సంగీతపు తుంటరి ఇగ్గీ పాప్. పేరు వినగానే ఈ పొత్తు కుదరదనిపిస్తుంది. విన్నాక ఆ అభిప్రాయం నిలవదు. వేదిక మీద చొక్కా విప్పి గంతులు వేసే ఆ గాయకుడు ఇక్కడ గొంతు తగ్గించి, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడతారు. మనుషులు కలిసి ఎందుకు బతకలేరని అడిగే ఒక 1970ల పాట కింద లోనీ ఆర్గాన్ ఎక్కువ స్వరాలు పలకదు, పట్టి ఉంచుతుంది.

అప్పటికే ఆయన ఊపిరితిత్తులు గట్టిపడే పల్మనరీ ఫైబ్రోసిస్ వ్యాధితో బాధపడుతున్నారు. ఆల్బం వెలువడిన ఆరు నెలలకు మరణించారు. ఆ కచేరీలు జరిగిన జాజ్ స్టాండర్డ్ క్లబ్బు, కోవిడ్ దెబ్బకు అంతకు ముందు డిసెంబరులోనే శాశ్వతంగా మూతపడింది.